ఏడు రంపాల పంపకం

ఒక కాగితం ముక్క తీసుకోండి. దాని రెండు చివరలూ పట్టుకుని లోపలికి నెట్టండి. ఏమయింది? నడుము వంగి కూలబడింది. ఇప్పుడు అవే చివరలు పట్టుకుని మెల్లగా బయటికి లాగండి. తిన్నగా బిగిసి నిలబడింది. కాగితం అదే, చేతులూ అవే. నెడితే వంగేది లాగితే వంగదు.

రంపాల చరిత్రలో సగం ఈ చిన్న సంగతిలోనే దాగి ఉన్నది. ప్రాచీన ఈజిప్టు వడ్రంగులు రాగి రేకుకు పళ్లు తీసి రంపం చేసుకున్నారు. రాగి మెత్తని లోహం గదా! నెడితే రేకు వంగిపోతుంది. అందుచేత వాళ్లు రంపాన్ని తమ వైపుకు లాగి కోసేవారు. జపాను వడ్రంగులు నేటికీ లాగే కోస్తారు. అందువల్లనే వాళ్ల రంపపు రేకు ఎంతో పలచగా ఉన్నా చక్కగా పనిచేస్తుంది. మన పల్లెల్లో కమ్మరి చేసి ఇచ్చిన పాత రంపాలలో కూడా పళ్లు పిడి వైపుకు తిరిగినవి కనిపిస్తాయి. ఇంగ్లండు, అమెరికాల నుంచి వచ్చిన చేతిరంపాలు మాత్రం నెట్టి కోసేవి. నెట్టినా వంగకుండా ఉండాలంటే రేకు వెడల్పుగా, కాస్త మందంగా ఉండాలి. మేలైన ఉక్కుతో చెయ్యాలి.

ఈ నెల రంపాల మాట ఎందుకు ఎత్తానో చెబుతాను.

మాది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. మా వీధిలో ఒక ఆచారిగారు ఉండేవారు. ఆయన చేసిన తలుపులు లేని ఇల్లు మా ఊళ్లో తక్కువ. నిరుడు ఆయన కాలం చేశారు. ఆయన కొడుకు హైదరాబాదులో బీరువాలు, తలుపులు చేయిస్తాడు. అక్కడ అంతా కరెంటు యంత్రాల పని. చేతిరంపం ఎత్తే అవసరమే రాదు. ఇంట్లో మామ్మగారూ, సెలవులకు వచ్చిన మనమరాలూ ఉన్నారు. ఆ పిల్ల ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఒకనాడు పాత ఇనుప సామాను కొనే అతను వచ్చి, ఆచారిగారి పెట్టెలో ఉన్నదంతా తూకానికి ఇచ్చెయ్యమన్నాడు. ఆ పిల్ల పరుగున నా దగ్గరికి వచ్చి, "మేష్టారుగారూ, ఆదివారం దాకా ఆగమని మామ్మకు మీరు చెప్పండి" అన్నది.

ఆదివారంనాడు అరుగు మీద గోనెపట్టా పరిచి రంపాలన్నిటినీ వరసగా పెట్టాం. ఏడు రంపాలు. అన్నిటి మీదా తుప్పే. కొడుకు టెలిఫోనులో, "అన్నీ ఉంచితే ఇల్లు చాలదు, అన్నీ ఇచ్చేస్తే అమ్మ మనసు ఊరుకోదు. మీరే ఒక దారి చూడండి మేష్టారూ" అన్నాడు.

ఇలాటి చిక్కు మీ ఇంట్లోనూ వస్తుంది. రంపాలే కానక్కరలేదు; తాతగారి గడియారాలు కావచ్చు, నాయనమ్మగారి ఇత్తడి బిందెలు కావచ్చు. అప్పుడు మనుషులు మూడు రకాలుగా తొందరపడుతారు. కొందరు ప్రేమకొద్దీ అన్నీ దాచి అటక మీద పడేస్తారు. పదేళ్లకు తుప్పు అన్నిటినీ సమానంగా తినేస్తుంది. కొందరు అన్నిటినీ ఒక్క తూకంలో వేసి అమ్మేస్తారు. కొందరు అన్నిటినీ ధగధగ మెరిసేటట్టు రుద్ది, రుద్దరానివి కూడా రుద్దేస్తారు. ఈ మూడూ కాని దారి ఒకటి ఉన్నది. వస్తువును ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని ప్రశ్నలు అడగటం. ఆ పిల్ల ఒక నోటు పుస్తకం తెచ్చుకున్నది. ఒక్కొక్క రంపానికి ఒక్కొక్క పేజీ కేటాయించాం.

మొదటి ప్రశ్న: రేకు తిన్నగా ఉన్నదా?

రంపాన్ని పళ్లు పైకి ఉండేలా పట్టుకుని, పిడి దగ్గర నుంచి కొన దాకా ఒక కన్ను మూసి చూడాలి. దారంలాగా తిన్నగా కనబడితే మంచిదే. విల్లులాగా పొడుగునా ఒక్క ఒంపు ఉంటే కంగారు లేదు. తెలిసినవాడు చేత్తో వంచి సరిచేస్తాడు. కాని ఒకేచోట మడత పడినట్టు మెలిక ఉంటే మాత్రం కష్టం. కోతలో రంపం ప్రతిసారీ అక్కడే ఇరుక్కుంటుంది.

మంచి రంపాన్ని కొద్దిగా వంచి వదిలితే తిరిగి తిన్నగా అయిపోతుంది. ఉక్కుకు ఈ గుణం ఎలా వచ్చింది? ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కాని పెళుసుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. దాన్నే మళ్లీ తగుమాత్రం వేడి చేస్తే గట్టిదనం కొంత తగ్గి, స్ప్రింగు గుణం వస్తుంది. అంత వేడి చాలు, అంతకు మించరాదు. అందుకే పాత రంపాన్ని గిరగిర తిరిగే కరెంటు సానరాయితో రుద్దకూడదు. ఆ వేడికి ఉక్కులో ఉన్న పదును గుణం పోతుంది.

మా ఏడింటిలో అయిదో రంపానికి నడుమ పెద్ద మెలిక ఉన్నది. "ఇది ఓడిపోయింది" అని పిల్ల రాసుకున్నది.

రెండవ ప్రశ్న: తుప్పు పైపైదా, లోతుకు దిగిందా?

ఇనుమూ, గాలిలోని ఆక్సిజనూ, నీటి తేమా కలిస్తే తుప్పు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది గనుక మా ఊళ్లో ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. పైన ఎర్రని పొడిలాగా ఉన్న తుప్పు చూడటానికి భయంకరమే కాని గీకితే పోతుంది. రేకులోకి గుంటలు పడితే వాటిని పూడ్చలేం. ఆ గుంటలు ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. రంపపు వీపు వైపు ఉంటే పనికి అడ్డం కాదు. పళ్ల దగ్గర ఉంటే, ఆకురాయి పట్టినప్పుడు గుంట సరిగా పంటి మొనకు వస్తుంది. ఆ పన్ను విరిగిపోతుంది.

మూడవ ప్రశ్న: పళ్లను ఆకురాయి తింటుందా?

పాతకాలపు రంపపు పళ్లను మూడుపలకల ఆకురాయితో మళ్లీ మళ్లీ పదును పెట్టుకోవచ్చు. ఆకురాయి ఉక్కు రంపపు ఉక్కు కంటె గట్టిది. ఈ కాలంలో వచ్చే కొన్ని రంపాల పళ్ల మొనలను మాత్రం విద్యుత్తుతో క్షణంలో కాల్చి, చల్లార్చి, ఆకురాయి కంటె గట్టిగా చేస్తారు. అవి చాలాకాలం మొద్దుబారవు. కాని మొద్దుబారితే అంతే సంగతులు. ఆకురాయి వాటి మీద జారిపోతుంది. మొనలు నీలంగానో నల్లగానో కనబడితే అలాటి రంపమని గుర్తు. ఆరో రంపం, ప్లాస్టిక్ పిడిది, అలాటిదే. పళ్లు పూర్తిగా అరిగిపోయినాయి. పాత ఇనుము అతనికి న్యాయంగా దక్కవలసింది అదొక్కటే.

నాలుగవ ప్రశ్న: ఇది చేసే పని ఏమిటి? ఆ పని చేసే రంపం మన దగ్గర మరొకటి ఉన్నదా?

కొయ్య అంటే ఏమనుకుంటున్నారు? చీపురుపుల్లల కట్టలాగా సన్నని పోగులన్నీ ఒకే దిక్కుకు పేర్చి అతికించినట్టు ఉంటుంది. ఆ కట్టను అడ్డంగా తెగకొయ్యాలంటే చాకు కావాలి. పుల్లల వెంట నిలువునా చీల్చాలంటే ఉలి కావాలి. రంపాలూ అంతే. అడ్డకోత రంపానికి ప్రతి పన్నూ ఒక చిన్న చాకు. ఆకురాయిని ఏటవాలుగా పట్టి పదును పెడతారు. నిలువుకోత రంపానికి ప్రతి పన్నూ ఒక చిన్న ఉలి. ఆకురాయిని రేకుకు సూటిగా అడ్డం పట్టి రాస్తారు. చాకుపళ్లతో నిలువునా కోస్తే పని సాగదు. ఉలిపళ్లతో అడ్డంగా కోస్తే కొయ్య పీచులు పీచులుగా రేగిపోతుంది.

ఇంకొక చమత్కారం చూడండి. పళ్లను ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ కొద్దిగా వంచి ఉంచుతారు. అందుచేత కోత గాడి రేకు మందం కంటె కాస్త వెడల్పుగా పడుతుంది. రేకు ఇరుక్కోకుండా ఆడుతుంది. మేలురకం రంపాలలో మరొక తెలివి కూడా ఉన్నది. పళ్ల వైపు మందంగా, వీపు వైపు పలచగా ఉండేటట్టు రేకును అరగదీస్తారు. అప్పుడు పళ్లను ఎక్కువ వంచనక్కరలేదు. పొట్టు తక్కువ, శ్రమ తక్కువ.

పళ్లు లెక్కపెట్టటానికి ఒక పద్ధతి ఉన్నది. ఒక పంటి మొన మీద కొలబద్ద సున్నా ఉంచి, ఒక అంగుళం లోపల రెండు చివరల మొనలతో సహా లెక్కించాలి. ఎనిమిది మొనలు వస్తే అది 8 మొనల రంపం. నిలువుకోత రంపాలకు మామూలుగా 4 మొదలు 7 మొనల దాకా ఉంటాయి. అడ్డకోత వాటికి 8 మొదలు 12 దాకా. పళ్లు పెద్దవైతే పని వేగం, చిన్నవైతే కోత నునుపు.

మా పిల్ల లెక్కపెట్టి ఇలా రాసింది: ఒకటో రంపం 26 అంగుళాలు, 8 మొనలు, అడ్డకోత. రెండోది కూడా 26 అంగుళాలు, 8 మొనలు, అడ్డకోత. మూడోది 5 మొనల నిలువుకోత రంపం. నాలుగోది చిన్నది, 12 అంగుళాలు, 13 మొనలు, వీపున ఇత్తడి పట్టీ ఉన్నది. తలుపు చట్రాలకు కూసాలు కొయ్యటానికి అలాటిది కావాలి. ఆ పట్టీ రేకును వంగకుండా నిలబెడుతుంది. బరువుగా ఉండి కోతకు సాయపడుతుంది కూడా.

అయిదవ ప్రశ్న: ఎవరు చేశారు?

చాలా రంపాల పిడి మీద ఒక ఇత్తడి బిళ్ల ఉంటుంది. దాని మీద ఏదో ముద్ర ఉంటుంది. రేకు మీద కూడా కంపెనీ పేరు సన్నగా చెక్కినట్టు ఉంటుంది. అది ఆమ్లంతో వేసిన అచ్చు, లోతు బహుతక్కువ. గరుకు కాగితంతో నాలుగుసార్లు గట్టిగా రుద్దితే మాయమవుతుంది. కనుక ముందుగా రంపాన్ని ఎండలో ఏటవాలుగా పట్టి, వెలుగు పక్కగా పడేటట్టు చూడండి. అలా చూడగా మా ఒకటో రంపం మీద 'డిస్టన్' అనే పేరూ, 'డి-8' అనే గుర్తూ లీలగా కనబడినాయి.

హెన్రీ డిస్టన్ ఇంగ్లండులో 1819లో పుట్టాడు. పద్నాలుగో ఏట, 1833లో, తండ్రితోనూ సోదరితోనూ అమెరికాలోని ఫిలడెల్ఫియా చేరాడు. ఓడ దిగిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయాడు. ఆ కుర్రవాడు రంపాలు చేసే అతని దగ్గర పనిలో చేరి, 1840లో స్వంత దుకాణం పెట్టాడు. 1855లో ఉక్కు కూడా తానే కరిగించుకోవటం మొదలుపెట్టాడు. వీపు లోపలికి ఒంపు తిరిగిన డి-8 రంపం 1874లో వచ్చింది. అంటే మా రంపం 1874 కంటె ముందుది కాజాలదు. చూశారా, ఒక్క గుర్తు తెలిస్తే ఎంత చరిత్ర తెలుస్తుందో! 1955లో డిస్టన్ కుటుంబం కంపెనీని ఇతరులకు అమ్మివేసింది. పాత పనిముట్లు సేకరించేవారు అంతకు ముందు వచ్చిన రంపాలను ఎక్కువ కోరుకుంటారు.

రెండో రంపమూ, నాలుగోదీ ఇంగ్లండులోని షెఫీల్డు నగరం నుంచి వచ్చినవి. వాటి మీద 'స్పియర్ అండ్ జాక్సన్' అని ఉన్నది. ఆ కంపెనీ 1760లో మొదలయినది. షెఫీల్డు దగ్గరే 1740 ప్రాంతాల బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలవాడు మంచి స్ప్రింగుల కోసం ప్రయత్నించి, మట్టి మూసలలో ఉక్కును కరిగించే పద్ధతి కనిపెట్టాడు. గడియారపు స్ప్రింగు కోసం పుట్టిన ఉక్కు రంపాలకు వరమయినది. మూసలో ఉక్కు చెయ్యటం మన తెలుగువారికి అంతకు ఎంతో ముందే తెలుసు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కును ఇరాన్ వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. డాక్టర్ వాయిసీ అనే ఆయన అక్కడి పనిని కళ్లారా చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయినది.

మూడో రంపం బిళ్ల మీద 'వారంటెడ్ సుపీరియర్' అని మాత్రం ఉన్నది. అది కంపెనీ పేరు కాదు. 'మేలురకమని హామీ' అని అర్థం. ఎన్నో కంపెనీలవాళ్లు ఆ మాటే వేసుకున్నారు. కనుక దాన్ని చూసి మోసపోకూడదు, చులకన చెయ్యనూ కూడదు. రేకు మంచిదయితే పని మంచిదే.

ఇక తీర్పు చెప్పే వేళ వచ్చింది. మూడోదీ నాలుగోదీ తిన్నగా ఉన్నాయి. వాటి పని చేసే రంపాలు వేరే లేవు. బాగుచేసి ఉంచుకోవాలి. చిక్కు ఒకటీ రెండూ దగ్గర వచ్చింది. రెండూ ఒకే పని చేస్తాయి. ఒకటి చాలు.

పిల్ల డిస్టన్ రంపాన్ని ఒళ్లో పెట్టుకుని, "అన్నిటికంటె గొప్పది ఇదే గదా! దీన్ని ఉంచుకుని రెండోది అమ్ముదాం" అన్నది.

"రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడు" అన్నాను.

డిస్టన్ రేకు కొన దగ్గర కూడా వెడల్పుగా ఉన్నది. రెండో రంపం కొన దగ్గర సన్నబడిపోయింది. పదును పెట్టినప్పుడల్లా పళ్లు కాస్త కాస్త అరుగుతాయి గదా! రెండోది ఏళ్ల తరబడి పదును పెట్టించుకున్నది. డిస్టన్ ఆకురాయి ముఖం పెద్దగా చూడలేదు. మామ్మగారు గడపలో కూర్చుని ఉన్నారు. "ఆ మొదటిది ఎవరిదో బంగళా సామాను వేలం వేస్తే కొన్నారు. మరీ మంచిదని వాడకుండా దాచారు" అన్నారు.

పిల్లకు విషయం అర్థమయినది. తాతగారు దాచినది డిస్టన్. తాతగారు బతికినది రెండోదానితో. దాని పిడి కూడా ఆ పిల్ల చేతికి చక్కగా పట్టింది. ఉంచుకునే రంపానికి పేరు ఉంటే సంతోషమే, కాని పేరు కొయ్యను కొయ్యదు. డిస్టన్‌ను దాని విలువ తెలిసినవాడికి అమ్ముదామని నిశ్చయించాం. అయితే ఆ పెట్టె మామ్మగారిది. ఆవిడ సరేనన్న తరువాతనే పేజీ మీద 'అమ్మకం' అని రాయించాను. ఇతరుల వస్తువు మీద మన తీర్పు ఎంత సబబుగా ఉన్నా అది తీర్పు కాదు, సలహా మాత్రమే.

అమ్మేటప్పుడు ఒక నియమం ఉన్నది. లోపం ముందు చెప్పాలి. డిస్టన్ పిడి పై కొమ్ము విరిగి ఉన్నది. దానికి లప్పం పెట్టి రంగు వేస్తే ఎవరికీ తెలియదని ఒకాయన సలహా ఇచ్చాడు. మేము ఆ పని చెయ్యలేదు. మెత్తని గుడ్డతో నూనె పూసి తుడిచి, 'పిడి కొమ్ము విరిగినది' అని చీటీ రాసి కట్టాం. విజయవాడలో పాత పనిముట్లు సేకరించే ఒక ఇంజనీరుగారు చీటీ చదివి మరీ కొన్నారు. తూకానికి వచ్చేదాని కంటె అది ఎన్నో రెట్లు ఎక్కువ. "మీరు చెప్పకపోతే నేనే కనిపెట్టేవాణ్ణి. అప్పుడు మీ మిగతా మాటలు కూడా నమ్మేవాణ్ణి కాదు" అన్నారాయన.

మెలిక పడిన అయిదో రంపాన్ని కూడా పారెయ్యలేదు. మంచి రంపపు రేకును అరచేయంత ముక్కలుగా కత్తిరించి అంచు పదును చేస్తే, చిత్రిక పట్టిన కొయ్యను ఇంకా నునుపుగా గీకే రేకులవుతాయి. పక్క ఊరి వడ్రంగి ఒకాయన నాలుగు ముక్కలు చేసి, రెండు తాను ఉంచుకుని, కూలి తీసుకోకుండా మా మూడు రంపాలకూ పదును పెట్టి ఇచ్చాడు.

బాగుచేసే పద్ధతి చెబుతాను. ఇది పెద్దవాళ్లు పక్కన ఉండగా చెయ్యవలసిన పని. బ్లేడు పట్టే పని పెద్దవాళ్లదే. ముందు మరలు విప్పి పిడి ఊడదీయాలి. రేకును బల్ల మీద పరిచి కుట్టుమిషను నూనె పూసి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి తుప్పు గీకాలి. తరువాత నీటిలో తడిపి వాడే సన్నరకం గరుకు కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి, రేకు పొడుగునా మెల్లగా రుద్దాలి. పేరు ఉన్నచోట మరీ మెల్లగా. వెంటనే తుడిచి, ఆరబెట్టి, మళ్లీ నూనె పూయాలి. కొబ్బరినూనె వద్దు. అద్దంలా మెరవనక్కరలేదు. నల్లని మచ్చలు ఉంటే ఉండనివ్వండి. అవి వయసు గుర్తులు.

పిడికి అవిసెనూనె మంచిది. కాని ఒక హెచ్చరిక! అవిసెనూనె నీటిలాగా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజనుతో కలిసి గట్టిపడుతుంది. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే, వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకోవచ్చు. అందుచేత పని కాగానే గుడ్డను ఆరుబయట విప్పి పరచండి, లేదా నీళ్ల బకెట్టులో ముంచండి.

ఇంతవరకు ఆరు రంపాల సంగతి చెప్పాను. ఏడోది మిగిలింది.

అది కమ్మరి కొట్టిన రంపం. పేరు లేదు, బిళ్ల లేదు. పళ్లు పిడి వైపుకు తిరిగి ఉన్నాయి. రేకు కాస్త ఒంపు, పళ్ల దగ్గరే గుంటలు, రెండు పళ్లు లేవు. పిల్ల అయిదు ప్రశ్నలూ అడిగి చూసింది. ఒక్కదానికీ మంచి జవాబు రాలేదు. దాన్ని తీసి ఆరోదాని పక్కన పెట్టింది.

"ఇంకొక ప్రశ్న ఉన్నది. దాని జవాబు రంపం మీద కనబడదు. మామ్మగారిని అడిగావా?" అన్నాను.

అడిగింది. మామ్మగారు, "అది ఇలా ఇయ్యి అమ్మడూ" అన్నారు. రంపాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా చెప్పారు.

"ఉప్పెన వచ్చిన యేడు మాకు పెళ్లయి మూడేళ్లు. తెల్లవారేసరికి ఊళ్లో నిలబడ్డ పాక లేదు. పడిపోయిన చెట్లు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఇంట్లో పనిముట్లన్నీ నీళ్లలో పోయినాయి. ఇదొక్కటి చూరులో దోపి ఉండి, బురదలో దొరికింది. మీ తాతా, వాళ్ల నాన్నా దీంతోనే తుమ్మ మొద్దులు కోసి గుంజలు నాటారు. ముందు మా పాక వెయ్యలేదు. పసిపిల్లలున్న వాళ్ల పాకలు వేశారు."

అది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. వేలకొద్దీ జనం పోయారు. మీ పాఠాలలో అది ఒక తేదీ కావచ్చు. ఆ రోజు దొరికిన రంపం మా ముందు గోనెపట్టా మీద ఉన్నది.

పిల్ల ఏడో పేజీలో రాసుకున్నదంతా కొట్టివేసి, 'ఉంచాలి. బాగుచెయ్యకూడదు' అని రాసింది. ఎందుకు బాగుచెయ్యకూడదు? పిడి మీద చేతివేళ్లు పట్టినచోట నల్లగా, నున్నగా అరిగి ఉన్నది. తండ్రీ కొడుకుల చేతులు చేసిన అరుగుదల అది. గరుకు కాగితంతో రుద్దితే కొయ్య కొత్తదవుతుంది, కాని ఆ చేతులు పోతాయి. ఊడిన పళ్లకు బదులు కొత్తవి తీస్తే రంపం కోస్తుంది, కాని కొయ్యటానికి మన దగ్గర మరో మూడు ఉన్నాయి. అందుచేత నూనెగుడ్డతో ఒకసారి తుడిచాం, అంతే. ఇక అది మరింత పాడవకుండా చూస్తే చాలు.

పిల్లలూ! రంపం మీద పేరు ఉంటే పుస్తకాలలో వెతికి చరిత్ర తెలుసుకోవచ్చు. కాని మీ ఇంటి వస్తువుల చరిత్ర చాలా భాగం ఏ పుస్తకంలోనూ ఉండదు. అది ఒకరిద్దరు పెద్దవాళ్ల తలలో ఉంటుంది. వాళ్లను అడిగే వీలు ఎల్లకాలం ఉండదు.

ఈ నెల మీకు రెండు పనులు. మొదటిది: మీ ఇంట్లో మీ తాతలనాటి వస్తువు ఒకటి ఎంచుకోండి. అది ఎవరిది, ఏ పని చేసింది, ఎప్పటిది అని పెద్దవాళ్లను అడిగి ఒక చీటీ మీద రాసి, దారంతో ఆ వస్తువుకు కట్టండి. వాళ్లు చెప్పిన మాటలను వాళ్లు చెప్పినట్టే రాయండి.

రెండవది లెక్క: 26 అంగుళాల పొడుగునా పళ్లున్న 8 మొనల రంపం ఉన్నది. ఒక మొన నుంచి పక్క మొన దాకా ఒక పన్ను అనుకుంటే, ఆ రంపానికి మొత్తం ఎన్ని పళ్లు? తొందరపడి 26ను 8తో హెచ్చవేయకండి. మొనలను ఎలా లెక్కపెట్టామో మరోసారి చదివి, కాగితం మీద ఒక అంగుళం గీసి చూసుకోండి. జవాబు వచ్చే నెల.